తొంభై దగ్గర ఆగిపోయిన జపాను రేడియో

మా పికప్ బండి అసలు వయసు రవాణా శాఖ వారికి తెలిస్తే దాన్ని నా దగ్గర ఉండనివ్వరు, పురావస్తు శాఖకు అప్పగిస్తారు. కాగితాల్లో రాసినదాన్ని నేను నమ్మను. ఎడమ తలుపుకి తాడు, కుడి తలుపుకి తాళం ఉన్నాయి. తాడు మాత్రమే పనిచేస్తుంది. లింగంపేట దగ్గర నేను గేరు మారిస్తే ఎల్లారెడ్డిలో మా ఆవిడ ఆ చప్పుడు విని ఎసరు పెడుతుంది. ఇందులో అతిశయోక్తి ఉందని మీరనుకుంటే ఒకసారి వచ్చి మా ఇంట్లో అన్నం తినండి, వేడిగానే ఉంటుంది.

ఈ బండి మోయనిది లేదు. మక్కలు, వడ్లు, కామారెడ్డి బెల్లం, టెంటు హౌజు కుర్చీలు, కొన్నవాడి కొట్టంలో నచ్చక మళ్లీ మళ్లీ పాత యజమాని ఇంటికి తిరిగొచ్చిన ఒక బర్రె. ఇప్పుడు రెండేళ్లుగా వారానికి మూడు పొద్దులు మా అన్నను మోస్తోంది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దవాఖానకు తీసుకుపోతుంది. అక్కడ మా అన్న నెత్తురును ఒక మిషను బయటికి లాగి, ఉతికి, మళ్లీ లోపలికి పంపుతుంది. దానికి డాక్టర్లు డయాలసిస్ అంటారు. మా వదిన "మిషను ఎక్కుడు" అంటుంది, అదేదో జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టు.

అన్న గల్ఫులో ఇరవై ఏళ్లకు పైగా ఒక షేకు దగ్గర డ్రైవరీ చేశాడు. ఆ ఎండలో నీళ్లు తాగకుండా నడిపాడో, తాగి నడిపాడో తెలియదు కానీ, వచ్చేటప్పుడు రెండు కిడ్నీలనూ అక్కడే వదిలేసి వచ్చాడు. విమానాశ్రయంలో పెట్టెలన్నీ విప్పి చూసినవాళ్లు ఈ లోటును మాత్రం పట్టుకోలేకపోయారు.

మొదట్లో బండిలో మాట్లాడేవాడు. నా డ్రైవింగును తిట్టేవాడు. నేను క్లచ్చు తొక్కిన ప్రతిసారీ తన కడుపు మీద తొక్కినట్టు మొహం పెట్టేవాడు. అది మంచి కాలం. తర్వాత తిట్లు తగ్గాయి, ఆ తర్వాత మాటలు తగ్గాయి, చివరికి కిటికీలోంచి చూడటం కూడా మానేసి తన మోకాళ్ల వైపు చూస్తూ కూర్చునేవాడు. గంటకు పైగా ప్రయాణం. సంతలో అరిచి అమ్ముకునేవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించుకుంటారని పేరున్న మనిషిని నేను. అలాంటి నేను పోయేటప్పుడు ఒక గంట, వచ్చేటప్పుడు ఒక గంట నోరు మూసుకుని కూర్చోవడమంటే ఏమిటో ఆలోచించండి.

ఒక పొద్దున కామారెడ్డి ఇంకాస్త దూరం ఉందనగా అన్నాడు.

"ఇగ నేను రాను తమ్మీ."

ఎటు రావన్నానో, ఎందుకు రావన్నానో గుర్తులేదు. మిషను కాడికే అన్నాడు. ఎవరితోనూ కొట్లాట లేదట, నొప్పి కూడా అంత లేదట, ఊరికే చాలనిపించిందట. వడ్డించేవాడిని విస్తరి ముందు నుంచి పంపేసినట్టు చెయ్యి ఊపాడు. అంతకు ముందే డాక్టరు నాతో విడిగా చెప్పి ఉన్నాడు: వరసగా మూడు నాలుగు సార్లు తప్పిస్తే ఒంట్లోకి నీరు చేరుతుంది, తర్వాత చెప్పడానికేమీ ఉండదు. ఆ సాయంత్రం వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే నన్ను కోరింది ఒకటే, ఎట్లయినా చేసి మీ అన్నను బండి ఎక్కించు అని. ఆమె వేళ్లు ఆగలేదు. ఏడుస్తూ బీడీలు చుడితే ఆకు తడిసి కంపెనీవాళ్లు తీసుకోరు, కాబట్టి మా వదిన ఏడవదు.

మనిషిని బండి ఎక్కించాలంటే బండిలో ఏదో ఒక ఆశ ఉండాలి. మా బండిలో ఒక పాత టైరు, ఒక తాడు, నేను ఉన్నాం. ఈ మూడింటిలో దేని కోసమూ ఎవరూ పొద్దున్నే లేవరు. అప్పుడు నాకు బీరువా మీది డబ్బా గుర్తొచ్చింది.

గల్ఫు సొమ్ము వచ్చిన ఇండ్లలో ఒక ఆచారం ఉంది. తెచ్చిన వస్తువు మీది కవరు తియ్యరు. మా ఇంట్లో టీవీ రిమోటు ఇప్పటికీ కవరులోనే ఉంది, నొక్కినప్పుడల్లా మక్కప్యాలాలు వేగినట్టు చప్పుడవుతుంది. ప్లాస్కు అట్టడబ్బాలో ఉంటుంది, సెంటు సీసా సీలుతో ఉంటుంది. మంచి రోజు రావాలి, అప్పుడు తీస్తారు. అన్న మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు బాపుకు, అదే మా నాన్నకు, ఒక కంబళి తెచ్చాడు. దాని మీద పులి బొమ్మ, పులి మీద ప్లాస్టిక్ కవరు. బాపు ప్రతి చలికాలం ఆ కవరును పైనుంచి తడిమి, ఎంత మెత్తగుందో అని మురిసి, తన పాత దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఆయన పోయిన రోజున, పదిమంది వస్తారు, పాతది ఎట్ల కప్పుతామని మమ్మల్ని కన్న అవ్వ ఆ కవరు చింపింది. పులి అంత కాలానికి బయటికొచ్చి చూస్తే కింద వెచ్చబడటానికి మనిషి లేడు. మా ఇంట్లో కవరు తియ్యడమంటే అర్థం ఏమిటో ఆ రోజున అందరికీ ఒకేసారి తెలిసింది.

బీరువా మీది డబ్బాలో ఉన్నది కారు రేడియో. అక్కడ అన్న నడిపిన బండి ఎంత పెద్దదంటే, దాని డిక్కీలో మా పికప్ పార్కింగు చేసుకోవచ్చు. కానీ అందులోని రేడియో షేకుది. ఏది పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి. ఆయన లేనప్పుడు కూడా అన్న చెయ్యి అటు పోలేదు. ఒకసారి ఆయన దిగాక తెలుగు పాటల కోసం మీట తిప్పితే, ఆయన మళ్లీ ఎక్కగానే అది తెలిసిపోయిందట. ఏమన్నాడో అన్న ఎప్పుడూ చెప్పలేదు. ఆ నెలలోనే బజారుకు పోయి ఈ రేడియో కొన్నాడు, ఊర్లో సొంత కారు కొన్నప్పుడు పెట్టుకుందామని. ఆ కారు మాత్రం ముందు ఇంటి స్లాబు అయింది, తర్వాత వరసగా బోరుబావులైంది. వాటిలో దేనిలోనూ నీళ్లు పడలేదు. మా అన్న కారు అలా భూమిలోకి నిలువునా దిగిపోయింది. రేడియో ఒక్కటే పైన మిగిలింది.

డబ్బా దించి తుడిచి, మన బండికి పెట్టిద్దామా అన్నాను. ఆయన పికప్ వైపు చూశాడు. పెండ్లికి కుట్టించిన షేర్వానీ పొలంలో దిష్టిబొమ్మకు తొడుగుతానంటే ఎలా చూస్తారో అలా చూశాడు. కారుకు తెచ్చింది కదా అన్నాడు. డబ్బా మూల చేత్తో తడిమి, సరే గాని దాని మీది కవరు తియ్యనియ్యకు అన్నాడు. ఇంకాసేపటికి, వాడు వైర్లు ఎట్లా కలుపుతాడో తానే వచ్చి చూస్తానన్నాడు. ఆయన తనంతట తాను చెప్పులు వేసుకోవడం ఎన్నాళ్ల తర్వాతో. మా ఆవిడ వంటింట్లోంచి నాకు సైగ చేసింది. నేను గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాను. నా జాతకంలో మీసం దువ్వుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుంది.

ఎల్లారెడ్డిలో బ్యాటరీల దుకాణం నడిపే మనిషి ఉన్నాడు. ఫ్యాను నుంచి హార్వెస్టరు దాకా వైరు ఉన్న ప్రతిదీ తన చిన్నప్పటి స్నేహితుడన్నట్టు మాట్లాడతాడు. ఆయన మా బండి డ్యాష్‌బోర్డు విప్పి లోపలికి చెయ్యి పెట్టి లాగితే పేగులు బయటపడ్డట్టు వైర్లు బయటపడ్డాయి. వాటితోపాటు ఒక పెండ్లి పత్రిక, సగం తిన్న జొన్న కంకి, నేను మూడు కొత్తవి కొనుక్కునేదాకా వెతికిన స్క్రూడ్రైవరు వచ్చాయి. రేడియోకు ఉన్న రంధ్రం చాలలేదు. కోశాడు. కోస్తే ఎక్కువైంది. ఎక్కువైన చోట హవాయి చెప్పు ముక్కలు కోసి కుక్కాడు. ఏరియల్ ఎప్పుడో విరిగిపోయి ఉంది, దాని మొదట్లో గొడుగు చువ్వ ఒకటి బిగించాడు. స్పీకర్లను సీటు వెనక చెక్కపెట్టెలో కూర్చోబెట్టాడు. జపాను మెదడు, గొడుగు చెవి, చెప్పు దవడలతో మా రేడియో మూడు దేశాల కలయికగా తయారైంది.

అన్న పక్కనే ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, పసుపు వైరు అటు కాదు, ఎరుపు వైరు ఇటు కాదు అని చెబుతూనే ఉన్నాడు. ఆ దుకాణదారు డబ్బా తిప్పి చూసి, అక్షరాలు చూసి మెచ్చుకున్నాడు, ఇది అసలు జపానుదే కదా అని. అన్న నడుము నిటారుగా అయింది.

"దుకాణంల అగ్గువవి గూడ జూపిండు. నాకు అసలు జపానుదే గావాలన్న. మస్తు తిరిగిన దీనికోసం."

బటన్ నొక్కారు. కవరు కింద నీలిరంగు వెలుగొచ్చింది. ఎఫ్ఎం నంబర్లు పరుగెత్తాయి. డెబ్భై ఆరు దగ్గర మొదలై, ఎనభై దాటి, తొంభై చేరి, అక్కడ ఏదో గోడ ఉన్నట్టు ఆగి, మళ్లీ డెబ్భై ఆరుకు వచ్చాయి. మళ్లీ పరుగెత్తాయి. మళ్లీ తొంభై. దారంతా ఇసుక కురిసిన చప్పుడే. మా దగ్గర అందే స్టేషన్లన్నీ నూరు అవతల ఉన్నాయి. దుకాణదారు కామారెడ్డిలోని తన గురువుకు ఫోను చేసి, ఆపరేషను గదిలోంచి వచ్చిన డాక్టరులా మొహం పెట్టుకుని బయటికొచ్చాడు. జపానులో వాళ్ల ఎఫ్ఎం తొంభైతో అయిపోతుందట. జపానులో అమ్మడానికే చేసిన సెట్టుకు అంతవరకే తెలుసట. తక్కువ ధరకు అమ్మిన ఆ అగ్గువ సెట్టయితే అన్నీ పట్టేదట.

ఆ చివరి మాట ఆయన చెప్పకుండా ఉండాల్సింది. అంత తిరిగి, ఏరి కోరి, అసలుదే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్న వస్తువు. అన్ని సముద్రాలు దాటి వచ్చి తొంభై దగ్గర మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. డబ్బా విప్పి ఒక్కసారి నొక్కి చూసి ఉంటే ఆ బజారులోనే తెలిసిపోయేది, మార్చుకుని ఉండేవాడు. కానీ విప్పితే పాతదవుతుంది.

అన్న స్టూలు మీది నుంచి లేచాడు. "తీసి పెట్టెల పెట్టుమను" అన్నాడు. ఆ మాట రేడియో గురించే అన్నాడని అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను.

ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను చేసే పని ఒకటే, కనబడిన ప్రతి బటన్ నొక్కడం. ఒకటి నొక్కాను, గడియారం వచ్చింది, అది ఏ దేశపు సమయమో దేవుడికి తెలియాలి. ఇంకొకటి నొక్కాను. గరగరమని, ఆ గరగరలోంచి బావిలో బొక్కెన తేలినట్టు ఒక ఆడగొంతు తేలింది. మీడియం వేవు. హైదరాబాదు. ఏదో పాట అడిగినవాళ్ల ఊర్ల పేర్లు చదువుతోంది. రామారెడ్డి నుంచి అంది. బీబీపేట నుంచి అంది. రామారెడ్డి మా వదిన తల్లిగారి ఊరు.

"ఆగు" అన్నాడు అన్న. "ముట్టకు."

పాట రాగానే ఆయన ముఖం తిప్పుకున్నాడు. పాట ఆయనకు అక్కరలేదు. పాట అయిపోయి మళ్లీ ఊర్ల పేర్లు వచ్చినప్పుడు ముందుకు వంగాడు. దుకాణదారు తన చేతి చలవే అన్నట్టు గొడుగు చువ్వను రెండుసార్లు నిమిరాడు. నేను కూడా మీసం దువ్వుకున్నాను, చెప్పాను కదా.

ఇంటికి పోదామని బండి స్టార్టు చేశాను. కీఁ అని ఒక కూత మొదలైంది. ఎక్సలేటరు తొక్కితే ఆ కూత పెరిగింది, వదిలితే తగ్గింది. ఆడగొంతు దాని కింద పడి నలిగిపోయింది. ఇంజను ఆపితే మళ్లీ రామారెడ్డి, బీబీపేట. స్టార్టు చేస్తే కీఁ. దుకాణదారు ఏదో చిన్న డబ్బా తగిలించాడు. దానితో కూత ఇంకా నాణ్యంగా వచ్చింది. పాత బండ్లకు అది తప్పదట, ఇంజనులో పుట్టే కరెంటే రేడియోలో కూస్తుందట. మొత్తానికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని రేడియో మాకు దక్కింది. బండిలో ఉంటుంది, బండి నడుస్తున్నప్పుడు వినబడదు.

మా ఆవిడ తేలిక మార్గం చెప్పింది, ఫోనులో పెట్టుకొని వినమని. నేనూ అదే చెప్పి చూశాను. అన్న తల అడ్డంగా ఊపాడు.

"ఫోను నేనడిగిందే పాడ్తది తమ్మీ. అడగకుంట మాట్లాడెటోళ్లు గావాలె."

అయినా ఆయన బండెక్కాడు. ఆ తర్వాతి పొద్దున నేను పిలవకముందే తలుపుకు కట్టిన తాడు విప్పుకుని కూర్చున్నాడు. లింగంపేట దాటాక ఆపుమన్నాడు. రోడ్డు పక్కన మోదుగు చెట్ల కింద ఆపాను. ఇంజను ఆగింది, ఆమె వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న డోంగ్లి పేరు చదివింది. "డోంగ్లి అన్నది, ఇన్నవా" అన్నాడు అన్న, అక్కడ మాకు అరెకరం ఉన్నట్టు. మాకు డోంగ్లిలో ఎవరూ లేరు. ఇంకో పాట, ఇంకో నాలుగు ఊర్లు. నేను గడియారం వైపు చూస్తూనే ఉన్నాను. దవాఖానలో ఒక్కొక్కరికి ఒక్కో వేళ ఉంటుంది, మీరు లేకపోతే మిషను పక్కవాళ్లకు ఇస్తారు, వాళ్లదీ ప్రాణమే కదా. పోదామా అన్నాను. ఇంకొక్కటి అన్నాడు. నెలలుగా నన్ను ఏమీ అడగని మనిషి. ఎట్లా కాదనను?

మేము చేరేసరికి ఆయన మంచం మీద ఇంకెవరో ఉన్నారు. నర్సమ్మ కోపం కూడా చెయ్యలేదు, అన్న పాదాల మీది వాపును వేలితో నొక్కి, పడిన గుంట వైపు చూసి, ఎవరిదైనా ఖాళీ అయితే పిలుస్తానంది. పొద్దుగూకే వేళకు దొరికింది, అదీ సగం సేపే. బెంచీ మీద అన్ని గంటలూ ఆయన గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. శ్వాస గురకలా వచ్చింది. బాగుచేద్దామని నేను పెట్టించిన రేడియో ఆయన ప్రాణంలోంచే సమయం కోసుకుంటోందని అక్కడ అర్థమైంది.

వదినతో మాట్లాడి ఒక ఒప్పందం చేసుకున్నాం. పోయేటప్పుడు ఎక్కడా ఆపేది లేదు, వచ్చేటప్పుడు కావలసినంతసేపు ఆపాలి. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూడండి. కానీ మిషను దిగిన మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. వచ్చేటప్పుడు మోదుగు చెట్ల కింద ఆపి, ఇంజను కట్టేసి, ఆయన వైపు చూస్తే నోరు తెరుచుకుని నిద్రలో ఉంటాడు. ఆ వేళకు ఊర్ల పేర్లు చదివే ఆవిడ కూడా ఉండదు, ఎవరో ధరల గురించి మాట్లాడుతుంటారు. నేనొక్కణ్ణే కూర్చుని మినుముల ధర వింటాను. మాకు మినుములు లేవు. పోయేటప్పుడు సమయం లేదు, వచ్చేటప్పుడు ఒంట్లో ప్రాణం లేదు. మళ్లీ మాటలు తగ్గాయి. మళ్లీ మోకాళ్ల వైపు చూడటం మొదలైంది. రేడియో మాత్రం కూస్తూనే ఉంటుంది, ఆయన ఆపనివ్వడు.

ఈమధ్య ఒక పొద్దున లింగంపేట దాటాం. మోదుగు చెట్ల దగ్గర నేనే వేగం తగ్గించి, ఆపమంటావా అన్నాను. ఈ ఒక్కసారి నర్సమ్మ కాళ్లు పట్టుకుందామని నా ఆలోచన. వద్దు, నడువు అన్నాడు. ఆ చెట్లు దాటాక కొంత దూరంలో దిగుడు ఉంది. కింద కల్వర్టు. బండి దిగుడు మీదికి రాగానే అన్న ఎడమ పక్క నుంచి చెయ్యి చాపి, నా మోకాలి మీదుగా వంగి, తాళంచెవి తిప్పేశాడు.

ఇంజను ఆగింది. కూత ఆగింది. నా గుండె కూడా కొంతసేపు ఆగిందనే నా నమ్మకం, ఎందుకంటే మా బండి బ్రేకులు ఇంజను నడుస్తున్నప్పుడే ఇష్టముంటే పడతాయి. స్టీరింగు బండరాయిలా బిగిసింది. నేను రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. బండి మాత్రం చప్పుడు లేకుండా జారుతోంది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు, పక్క సీటులో కూర్చుని మాట్లాడుతున్నంత తేటగా. ఏదో ఊరు అంది, ఆ పక్కనే ఇంకో ఊరు. అన్న తల ఆనించి, కళ్లు తెరిచి విన్నాడు. ఆ దిగుడు ఎంతుంటుంది? రెండు ఊర్ల పేర్లు, సగం పల్లవి. కల్వర్టు మీద బండి నెమ్మదించింది.

"ఇగ జెయ్యి" అన్నాడు. స్టార్టు చేశాను. కీఁ అంది.

అప్పుడు ఆయన వేలిగోరుతో రేడియో మూల గీకాడు. మొదట నాకు అర్థం కాలేదు. కవరు కొస లేచింది. దాన్ని పట్టుకుని నెమ్మదిగా, చిన్న పిల్లవాడి పుండు మీది పట్టీ తీసినట్టు లాగాడు. ఇన్నేళ్లకు ఆ అద్దం ముఖం మొదటిసారి చూశాను. గీత లేదు, మరక లేదు. నీలిరంగు అంకెలు కండ్లు చెదిరేలా వెలిగాయి. మంచి రోజు వచ్చింది కాబోలు అని నవ్వుతూ అందామనుకున్నాను. నా నోటికి జీవితంలో అంతవరకు ఏదీ అడ్డం రాలేదు. ఆ రోజు పులి బొమ్మ కంబళి అడ్డం వచ్చింది.

ఆయన ఆ ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా అంగీ జేబులో పెట్టి, పైనుంచి చేత్తో అదిమాడు.

"మీ వదినకు చెప్పకు" అన్నాడు.

ఆ రోజు వేళకు ముందే చేరాం. ఇంటికొచ్చాక వదిన అడిగింది, ఇవ్వాళ ఎట్లున్నడని. బాగున్నాడు, రేడియో విన్నాడు అన్నాను. ఆమె చేతిలో బీడీ ఆకు ఆగింది. నా జేబు వైపు చూసినట్టనిపించి, చల్లగా ఉందని చెప్పి మీద తువ్వాలు కప్పుకున్నాను. అది ఎండాకాలం.